రేపు నీ వంతు

హలో… ఆ, నేనే. నీ చెల్లెల్నే.

…కింద ఇంట్లోంచే. మేడ ఎక్కి వస్తే నీ మొహం చూసి మెత్తబడిపోతాను. అందుకే ఫోన్.

ముందు ఒక్కటి చెప్పు అన్నయ్యా. ముప్పై ఏళ్ళుగా నాకో అనుమానం. చిన్నప్పుడు నువ్వు తన్నడం నేర్చుకుంటూ, నా తొడకి దిండు అడ్డం పెట్టించి నిలబెట్టేవాడివి, గుర్తుందా? రోజుకి వంద తన్నులు. "రేపు నీ వంతు" అనేవాడివి. ఆ రేపు రానే వచ్చింది. నేను కాలెత్తాను. నీకు కడుపునొప్పి వచ్చింది.

నిజంగా వచ్చిందా?

…నవ్వకు. నవ్వే మాట కాదు.

…ఇప్పుడెందుకా? మా కిక్‌బాక్సింగ్ క్లాసు మాస్టారికి ఫోన్ చేసిందెవరు?

…ఓహో, మాటవరసకా! మాటవరసకి నాకు గుండె జబ్బు అంటగట్టావా?

పొద్దున క్లాసుకి వెళ్ళగానే బెంచీ మీద కూర్చోబెట్టారు. మంచినీళ్ళ సీసా చేతికిచ్చారు. నాతో పాటు నేర్చుకునే టైలరమ్మ వచ్చి నా వీపు రాసింది! "ఎన్నాళ్ళ నుంచమ్మా ఈ జబ్బు?" అంది. ఏమని చెప్పను? మా అన్నయ్య పుట్టినప్పట్నుంచీ అని చెప్పనా?

అప్పుడు నీ కడుపు, ఇప్పుడు నా గుండె. నీ అబద్ధాలకి ఎప్పుడూ ఎవరిదో ఒకరి ఒళ్ళు కావాలేం?

…దెబ్బ తగులుతుందనా? తగిలింది. మొదటి వారం పాదంతో తన్ని పాదం వాచింది. తన్నాల్సింది మోకాలి కిందున్న ఎముకతో. నిలబడ్డ కాలి మడమ తిప్పితేనే నడుము తిరుగుతుంది, అప్పుడే దెబ్బకి బరువు. మోకాలితో కొట్టాలంటే ఎదుటివాడి మెడ వెనక రెండు చేతులూ వేసి కిందికి లాగాలి—

…ఏవిటీ? అంత భక్తి గలదాన్ని, కాలెత్తడమేవిటా?

ఆ సంగతి ఆ దేవుణ్ణే అడుగుతున్నాను. రోజూ కళ్ళు మూసుకుని, తప్పా స్వామీ అని. ఆయన ఇంతవరకూ వద్దనలేదు. మరి నీకెవరు చెప్పారు? ఆయన మోకాళ్ళిచ్చింది దండం పెట్టుకోవడానికి ఒక్కదానికేనా? తెలీకే అడుగుతున్నాను.

…అరుస్తున్నానా? అరుస్తాను.

…ఎందుకు నేర్చుకుంటున్నానో చెప్పాలా? విను. వదినక్కూడా చెప్పలేదు.

రెండు నెలల కిందట. నేను పనిచేసే లాండ్రీ వెనక మెట్లు. నా చేతుల్లో ఇస్త్రీ చేసిన దుప్పట్లు, గడ్డం దాకా. సరుకు దించే వాడొకడు అడ్డంగా నిలబడి నా మణికట్టు పట్టుకున్నాడు. నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా?

"సారీ అండీ."

…ఆ. నేనే అన్నాను. నా చెయ్యి పట్టుకున్నవాడికి నేను సారీ చెప్పాను అన్నయ్యా!

…ఏం కాలేదు. పైన ఎవరో దగ్గారు, వదిలేశాడు. …యజమానికి చెప్పాను, వాణ్ణి పనిలోంచి తీసేశారు. వాడి సంగతి తేలింది. నా సంగతే తేలలేదు.

క్లాసులోనూ అంతే. తన్నిన ప్రతిసారీ "సారీ" అంటాను. తన్నుకి అడ్డంగా ప్యాడ్ పట్టుకున్నామెకి కాదు, ప్యాడ్‌కి! మాస్టారు ఒక్కో సారీకి ఐదు గుంజీళ్ళు తీయిస్తున్నారు. మొదటి రోజు నలభై సారీలు. నిన్న మూడు. మూడంటే మూడే! ఇవాళ ఒక్కటీ రాకూడదనుకుని వెళితే… బెంచీ. మంచినీళ్ళు. డాక్టరు కాగితం తెస్తేగానీ రావద్దన్నారు.

…అలా గొంతు మార్చకు. నాకు జాలి అక్కర్లేదు. వదిన ఫోన్లోంచి మాస్టారికి చెయ్యి. ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటాను.

…ఊఁ, వినిపిస్తోంది… నసగకు. "గుండె జబ్బు లేదు" అను… "నేనే అబద్ధం చెప్పాను" అని కూడా… గట్టిగా…

…ఏమన్నారు? …రేపటి నుంచా. సరే.

…ఆగు, ఇంకా అయిపోలేదు. కడుపునొప్పి మాటేమిటి?

…భయమా? తొమ్మిదేళ్ళ పిల్ల తన్నుకి భయమా!

…ఛీ, ఆ ముక్క అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా. తన్నకూడని కాలు నాదేనేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ.

…ఏంటీ? …నా వంతు ఇప్పుడిస్తావా? …దూది దిండు చాలదు. సోఫా మీది గట్టిది తీసుకో. ఫోన్ వదిన చేతికిచ్చి రా. తలుపు తీసే ఉంది.

…వదినా, నువ్వా? …ఆ, చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. దిగుతున్నాడు… వచ్చాడు.

అక్కడే నిలబడు అన్నయ్యా. దిండు మోకాలికి కాదు, తొడకి. …ఇంకాస్త కిందికి. ఇవాళ కడుపెలా ఉంది? బాగానే ఉందిగా?

వదినా, ఫోన్ బల్ల మీద పెడుతున్నాను. కట్ చెయ్యకు. విను.

ఒకటి!

…విన్నావా వదినా? సారీ అనలేదు.