చిన్నాన్న సంతకం

1863 డిసెంబరు. డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉన్నా జర్మన్లు తమదనే ష్లెస్విగ్‌లో గ్రావెన్‌హోల్ట్ కోట. డ్యూక్‌గారిని ఆ పొద్దునే సమాధి చేశారు. గదిలో ఆయన కూతురు ఉల్రికె, ఆయన తమ్ముడి కొడుకు డెట్లెవ్.

“ఆ కుర్చీలోంచి లే, డెట్లెవ్.”

“లేవను అక్కా. ఇప్పుడిది నాది.”

“మా నాన్నని సమాధిలో పెట్టి రెండు గంటలు కాలేదు.”

“పెదనాన్న మీద గౌరవం ఉండబట్టే అప్పటిదాకా ఆగాను. ఇంక ఆగను. సాయంత్రం చర్చిలో కొత్త డ్యూక్ పేరు చదువుతారు. పాస్టర్‌కి చెప్పొచ్చాను. నా పేరే.”

“నా పేరు చదవమని నేనూ చెప్పాను. పాపం, ఇద్దరికీ తలూపి ఉంటాడు.”

“ఆడదాని పేరా? ఎక్కడి న్యాయం?”

“డెన్మార్క్ న్యాయం. కొడుకు లేకపోతే కూతురు.”

“ఇది జర్మన్ నేల. మగవాడి నుంచి మగవాడికే. పెదనాన్నకి కొడుకుల్లేరు. ఆయన తరవాత మా నాన్న, మా నాన్న తరవాత నేను.”

“మీ నాన్న వదులుకున్నాడు. ‘నాకూ నా సంతానానికీ ఈ సంస్థానం మీద హక్కు లేదు’ అని సంతకం పెట్టాడు. పదకొండేళ్ళయింది.”

“ఆయన పెడితే? నేను పెట్టానా?”

“సంతానం అంటే నువ్వు కాదా?”

“నన్నడిగాడా? నేను కోపెన్‌హాగెన్‌లో ఖైదులో ఉన్నాను! మీ డేన్ల మీద తుపాకీ పట్టినందుకు చీకటి కొట్లో పడున్నాను. బయటికొచ్చేసరికి నా సంస్థానం అమ్మేసి కూర్చున్నాడు.”

“అమ్మాడని ఎవరన్నారు?”

“ఎవరనాలి? ఊరంతా అంది. ఫ్యూన్ దీవిలో ఇల్లూ, యాపిల్ తోటా ఇచ్చారుగా! నేను ఆ గడప తొక్కలేదు. పోయాడని కబురొచ్చినా కదల్లేదు.”

“ఉత్తరాలు రాశాడుగా.”

“విప్పకుండా వెనక్కి పంపాను.”

“తెలుసు. సొరుగు నిండా ఉన్నాయి.”

“నువ్వెందుకెళ్ళావక్కడికి? సంతకం గట్టిదో కాదో చూసుకోడానికా?”

“మంచాన పడ్డాడని వెళ్ళాను. కొడుకు రానప్పుడు ఎవరో ఒకరు గంజి తాగించాలిగా.”

“దెప్పకు!”

“దెప్పుతాను. ఆరు వారాలు...”

“చాలించు. జర్మన్ సైన్యం సరిహద్దులో ఐడర్ నదికి అవతలే ఉంది. వాళ్ళొచ్చాక నీ కాగితంతో పొయ్యి రాజేసుకో.”

“వాళ్ళొచ్చి నీకు పట్టం కడతారనుకుంటున్నావా, పిచ్చివాడా?”

“నాకు కాక నీకు కడతారా? విను. మా నాన్న పిరికివాడు. బెదిరిస్తే వంగాడు, ఆశ పెడితే అమ్ముడుపోయాడు. అలాంటివాడి సంతకం నాకు చెల్లదు.”

“ఇంకోసారి అను ఆ మాట.”

“పిరికివాడు! అమ్ముడుపోయినవాడు!”

“చిన్నాన్న చెప్పొద్దన్నాడు. నాచేత ఒట్టు వేయించుకున్నాడు.”

“ఏం చెప్పొద్దన్నాడు?”

“నిన్నెందుకు వదిలారనుకుంటున్నావు?”

“యుద్ధం అయిపోయింది. అందరికీ క్షమాభిక్ష పెట్టారు.”

“అందరికీ కాదు. రాజవంశంలో పుట్టి రాజు మీద తిరగబడినవాళ్ళని మినహాయించారు. ఆ జాబితాలో నీ పేరు మూడోది. నీకు ఉరి, డెట్లెవ్. తేదీ కూడా వేశారు.”

“అబద్ధం.”

“రాజుగారి మనిషి వచ్చి అడిగాడు, సంస్థానమా కొడుకా అని. నేను ఆ గదిలోనే ఉన్నాను. చిన్నాన్న ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ‘కలం ఇవ్వండి’ అన్నాడు, అంతే.”

“మరి ఆ ఇల్లు? ఆ తోట?”

“అది బహుమానమా? కాపలా. ఆయన ఆ దీవి దాటితే నిన్ను మళ్ళీ పట్టుకుంటామన్నారు.”

“కుర్చీ కోసం నాటకాలాడకు!”

“కుర్చీ నువ్వే ఉంచుకో. ఆయన్ని మాత్రం ఆ మాట అనకు.”

“నిజమైతే నాకెందుకు చెప్పలేదు? పదకొండేళ్ళు!”

“‘తెలిస్తే వాడు పౌరుషానికి పోయి వాళ్ళకి మళ్ళీ మెడ అప్పగిస్తాడు. నన్ను తిట్టుకుంటూ బతకనీ’ అన్నాడు.”

“నన్ను బతికించడానికా?”

“నిన్నే. అదుగో, సాయంత్రం ఏం చదవాలో అడగడానికి పాస్టర్ కోట మెట్లెక్కుతున్నాడు. ఎవరి పేరు చదవమంటావు?”

“నాన్నని... ఏ ఊళ్ళో సమాధి చేశారక్కా?”