కుప్పమ్మ గోడ

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ముందు అది రాసేస్తాను, లేకుంటే మిగతాది రాయలేను. ఆ ఆదివారం కస్తూరి నా తలుపు తట్టినప్పుడు నేను నిద్రపోవడం లేదు.

తడ దగ్గర ఒక కంపెనీలో పనిచేసేటప్పుడు ఇద్దరిదీ ఒకటే హాస్టలు, ఎదురెదురు గదులు. కస్తూరిది గూడూరు. కొన్నాళ్ళుగా ఏదో బాధలో ఉండేది. వచ్చి కూర్చుంటే ఏడుపే. వారమంతా షిఫ్టులు చేసి నాకు ఒళ్ళు హూనమైపోయింది. ఆ ఒక్క మధ్యాహ్నం ఎవరి ఏడుపూ వద్దనిపించింది. మొదట గట్టిగా తట్టింది. తర్వాత మెల్లగా, వేలి కణుపుతో. "పద్దూ, లోపలున్నావా?" అంది. నేను ఫోన్ వెలుగు కనబడకుండా బోర్లా పెట్టి, ఊపిరి బిగబట్టి పడుకున్నాను. తలుపు కింది సందులో ఆమె పాదాల నీడ చాలాసేపు కదల్లేదు. మరునాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఎనిమిది నెలలైంది. నంబరు నా దగ్గరే ఉంది. చేయలేదు. చేస్తే ఎత్తేది కస్తూరి కాకపోతే? వాళ్ళమ్మ ఎత్తి, "నీకు తెలియదా?" అంటే?

నేనూ ఆ పని మానేసి నగరి వచ్చాను. చీరలకు కుచ్చులు కట్టి బతుకుతున్నాను. మగ్గాల వీధిలో చాలా తక్కువ బాడుగకు ఇల్లు దొరికింది. ఇంత తక్కువకు ఎందుకిస్తున్నారో అడగలేదు. పక్కిల్లు మునెమ్మవ్వది. రెండిళ్ళకూ మధ్యలో ఒకటే గోడ. అవ్వకు ఎనభై దగ్గర పడింది. కరెంటు మగ్గాల మోతలో చెవులు పోయాయి, మన పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. పోయిన నెల ఒక మధ్యాహ్నం, పిలవకుండానే వచ్చి, రాగి సంగటి, మీద ఊరిబిండి, అంటే చెనిక్కాయల (వేరుశెనగల) పచ్చడి, నా ముందు పెట్టి, ఒక్క మాటా అడక్కుండా వెళ్ళిపోయింది. అప్పటికి నేను తిండి తిని రెండు రోజులు. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ మోత ఆగితే ఈ వీధి వీధిలా ఉండదు. చెవిలో ఎవరో దూది పెట్టినట్టు ఉంటుంది. అవ్వ తన ఇంట్లో ఆ గోడ పక్కనే కూర్చుని ఉంది. ఫోన్లో రికార్డింగు పెట్టి అడిగాను: "అవ్వా, ఆ పొద్దు నాకు సంగటి ఎందుకు తెచ్చినావు?"

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఎందుకు తెచ్చినానా? ఆకలిగా ఉండే బిడ్డకు తేరా? నువ్వు సెప్పలేదులే, నాకు తెల్సు. ఉండు, సెప్తా. ఆ ఫోను మొగానికి అడ్డం పెట్టుకోబాకమ్మే, నీ పెదాలు కనపడాల నాకు.

నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు పదిహేడేండ్లు. కాదు కాదు, పదహారే. ఎందుకంటే ఆ ఏడే మా తమ్ముడు చింతచెట్టు మీదనుంచి పడి చెయ్యిరగ్గొట్టుకున్నాడు, పుత్తూరులో ఎముకకు కట్టిన కట్టుతోనే నా పెండ్లికి వచ్చినాడు. ఎంగిలాకులు ఎత్తరా అంటే ఆ కట్టు సూపిచ్చేవాడు, దొంగ నాయాలు. పెండ్లయిన మూడో దినం బాగానే చెనిక్కాయలు పీకినాడంట. ఆఁ, ఏం సెప్తా ఉండినా? గోడ. అప్పుడు ఈ కరెంటు మగ్గాలు యాడివి? గుంట మగ్గాలు. గుంటలోకి కాళ్ళు పెట్టుకోని కూసోవాల. నా మగ్గం ఈ గోడకే ఆనుకోని ఉండె. అవతల, ఇప్పుడు నువ్వుండావే అదే ఇంట్లో, కుప్పమ్మ ఉండె.

కుప్పమ్మకు ముగ్గురు బిడ్లు పుట్టి ముగ్గురూ దక్కలా. మొగుడూ పోయినాడు. ఒక్కతే కూసోని రాట్నం తిప్పతా కండెలు సుట్టేది కూలికి. కండె అంటే తెల్సా, పడుగులో అటూ ఇటూ ఉరుకుతాదే నాడె, దాని లోపల నూలు సుట్టి పెడతారే, ఆ పుల్ల. కూలెంతనుకున్నావు? పావలా అంటే పెద్ద మాట. పావలాకు అప్పుడు మూరెడు మల్లెపూలు, పైన రెండు తమలపాకులు... సరే, అది వద్దులే. ఆమె మొగం సూసేవాళ్ళు కాదమ్మే వీధిలో. పొద్దున్నే ఎదురొస్తే మగ్గం మీద పడుగు తెగుతాదంట. మా అత్తయితే నేను అడుగు పెట్టిన దినమే సెప్పింది: "సూడమ్మే, ఆ గోడ పక్కదానితో మాట పెట్టుకుంటివా, కాళ్ళిరగ్గొట్టి నిన్నూ పుత్తూరు పంపిస్తా" అని.

ఒక దినం నేస్తా ఉంటే నాడెలో కండె ఇరుక్కునింది. బిగుసుకోని రాదు. ఏం జేస్తా, నాడెను గోడకేసి కొట్టినా. టక్ టక్ టక్. మూడు. కండె ఊడొచ్చింది. నా పని నేను జేసుకుంటా ఉండా. రవ్వసేపటికి అవతల్నుంచి వచ్చింది పాపా. టక్. ఒకటే. కోడిపిల్ల ముక్కుతో పొడిసినట్టు.

నేను పిలిసినాననుకునింది ఆమె. ఎన్నేండ్లయిందో ఏమో, ఆమెను ఎవురన్నా పిలిసి. నేను పిలిసింది యాడుండాది? కండె కోసం కొట్టినా. ఆ మాట ఆమెకు సచ్చేదాకా సెప్పలా నేను. మా ఇంటాయనకు గూడా సెప్పలా. నువ్వే మొదులు ఇనేది.

మద్యాన్నం పెరట్లోకి పోతే పిట్టగోడ అవతల నిలబడుండాది. మొగం నాకు కనపడకుండా కొంగు కప్పుకోని. నా మంచికేలే, నా పడుగు తెగకూడదని. "తిన్నావా అని గదా అడిగినావు పాపా? తినలేదు. అందుకే ఒకటి కొట్టినా" అనింది. నేను అడగనే లేదు! అయినా ఏమంటా? "ఆ, అదే అడిగినా" అన్నా. లోపలికి పోయి సట్టిలోనుంచి ఒక ముద్ద సంగటి తీసి, ఆకులో సుట్టి గోడమీద పెట్టినా. అదే మొదులు. మూడు కొడితే తిన్నావా అని. రెండొస్తే తిన్నా అని. ఒకటొస్తే లేదని.

రోజూనా అంటే, రోజూనే. మా పెద్దోడు కడుపులో పడక ముందునుంచి వానికి మీసాలొచ్చిందాకా. ఒక్క దినం తప్పింది. ఆ దినం మా వదినోళ్ళు వచ్చుండిరి. ఇల్లంతా జనం. నేను మర్సిపోయినా. మర్సిపోతే ఆమే కొట్టింది, మూడు. అందురూ బువ్వ తింటా ఉండారు. "ఏందమ్మే ఆ సప్పుడు?" అనింది మా వదిన. "ఎలక" అన్నా.

ఎలక అన్నా సూడు. మళ్ళా కొట్టింది, మూడు. నేను తలకాయొంచుకోని కడి మింగతా కూసున్నా.

అక్కడ అవ్వ ఆగింది. నా గొంతు రికార్డింగులో సరిగ్గా వినబడడం లేదు. అడిగింది మాత్రం ఇదే: "ఆమెకేమైంది అవ్వా?"

ఏమైతాది? ఏం కాలా. నీ మొగమేందమ్మే, అట్ల పాలిపోయింది? మర్సటి దినం సిగ్గుతో సచ్చి మూడు కొట్టినా. రెండొచ్చింది. పెరట్లో కనపడింది. ఆమే అనింది, "మీ ఇంట్లో ఎలకలు జాస్తి అయినాయంట గదా" అని. ఇనుండాది, ముసిల్ది! ఇద్దురమూ కొంగు నోట్లో కుక్కుకోని నగినాము, అత్త లేసొస్తాదని.

ఇంగ ఆమె పోయిన దినం. మూడు కొట్టినా. రాలా. మళ్ళా కొట్టినా. రాలా. అవతల మనిషుంటే గోడ ఒక తీరుగుంటాది పాపా, లేకుంటే ఒక తీరుగుంటాది. ఎట్ల సెప్పేది నీకు. అత్త భయం గూడా మర్సిపోయి పరిగెత్తినా. రాట్నం ముందర కూసోని కూసున్నట్టే గోడకు ఒరిగిపోయుండాది. చేతిలో కండె అట్లే ఉండాది, సగం సుట్టింది. ముట్టుకునేదానికి వీధిలో ఒక్కరూ రాలా. కడసారి నీళ్ళు నేనే పోసినా.

నాలుగో దినమో అయిదో దినమో, మద్యాన్నం. మా అత్త అప్పటికి మంచాన పడుండాది. "ఏమే, ఈ పొద్దు గూడా తట్టవా?" అనింది.

"ఏంది అత్తా?" అన్నా.

"ఇన్నేండ్లు సట్టిలో ముద్ద జాస్తిగా ఎవురు గెలికినారనుకున్నావు, నీయమ్మా? నువ్వా? దాంతో మాటొద్దని నోటితో అనేస్తి. అన్న మాట ఎనక్కి తీసుకునేదానికి నా మొగం సెల్లలా. తట్టు."

తట్టినా పాపా. పెద్దామె మాట తీసేయలేక తట్టినా. ఆ ఇంటికి బీగమేసుండాది. లోపల పిల్లి గూడా లేదు. టక్ టక్ టక్.

రెండొచ్చింది.

మా అత్త కండ్లు తెరవలా. "తినిందంట. పో, నువ్వూ తిను" అనింది.

బతికున్నప్పుడు శానా దినాలు లేదనే అనింది కుప్పమ్మ. సచ్చినాక ఒక్క దినం లేదనలా. ఎప్పుడు తట్టినా రెండే. ఒక తూరి మేస్త్రీని అడిగినా. గోడలో డొల్లుంటే సప్పుడు తిరిగొస్తాదవ్వా అన్నాడు. వస్తాది, కాదనను. మూడు పోతే మూడే రావాల గదా? రెండెట్లొస్తాది? తల గోక్కోని పోయినాడు.

మా అత్త పోయినాక నేను ఈ పక్క గోడా తట్టబడితి, రాణెమ్మోళ్ళది. వాళ్ళు వాళ్ళ పక్కోళ్ళది తట్టిరి. ఒకప్పుడు కుప్పమ్మను ముట్టుకోనోళ్ళే. అట్ల వీధంతా పాకింది. కరోనా అప్పుడు ఒకరిల్లు ఒకరు తొక్కకూడదంటిరే, అప్పుడు సూడాల. మద్యాన్నమయితే ఈ కొసనుంచి ఆ కొసకు టకటక టకటక. ఆ కొసింట్లో మొగుడూ పెండ్లామూ ఇద్దురూ జొరంతో పడుంటే గోడలో ఒకటొచ్చింది. వాకిట్లో గంజి పెట్టొస్తిమి, పది దినాలు. లేసినారిద్దురూ. అప్పుడు ఆ ఇంటాయనతో మా వాళ్ళకు బాయికాడ తగువు గూడా ఉండె. మూడు దెబ్బలు, దానికేం కర్సు?

చెవులు పోయినాక ఇంగ అరచెయ్యి పెట్టి సూస్తా. ఇదో, ఇట్ల. చేతికి తెలుస్తాది.

నువ్వొచ్చినాక నేను ఆ గోడ తట్టేది మానేసినా. కొత్త పిల్ల, ఒంటరిగా ఉండాది, బెదురుకుంటాదని. ఆ పొద్దు దీనికే ఈపు ఆనించుకోని చెనిక్కాయలు ఒలస్తా ఉండినా. ఈపుకు తగిలింది. టక్. నేను అడగలేదు. అడక్కుండానే వచ్చింది. ఒకటి.

ఫోన్ కింద పెట్టేశాను. ఆ రెండు రోజులూ నేను వాకిలి పక్కన చాపమీదే పడి ఉన్నాను. ఆ గోడ దగ్గరికే పోలేదు. "అవ్వా, నేను కొట్టలేదు" అన్నాను.

నా పెదాలనే చూసింది అవ్వ.

నువ్వు కొట్టినావని నేనన్నానా?

సచ్చినాక ఒక్క దినమూ లేదనలా అని ఇప్పుడే గదా సెప్పినా. ఆమె కడుపు నిండే ఉండాది. మరి ఎవురి కోసం అనింది? అందుకే నిన్నేమీ అడగలా. పెట్టేసి వచ్చినా. అడిగింటే నువ్వు తిన్నా అనుందువు. మనుసులు అబద్దమాడతారు నోటితో.

ఎండ వాలిపోతా ఉండాది, మిద్దెమీద చెనిక్కాయలు ఎత్తాల. లేయమ్మే. సల్లంగా ఉండు తల్లీ. నీ గోడకు అవతల ఎప్పుడూ ఒకరుండాల, నువ్వు ఒకరికి అవతలుండాల. ఆ కండె గాన ఇరుక్కోకపోయుంటే... ఏమో... ఆ పొద్దు నూలు గూడా అంత మంచిది కాదు, తడిసింది...

అంతే. అక్కడ కరెంటు వచ్చి వీధిలో మగ్గాలన్నీ మొదలయ్యాయి. ఆపైన రికార్డింగులో మోత తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను. కడుపు నిండా తిన్నాను. ఇది గుర్తుపెట్టుకుని రాస్తున్నాను. చెయ్యి కడుక్కుని ఆ గోడ దగ్గరికి పోయాను. మగ్గాలు నడుస్తుంటే గోడంతా సన్నగా వణుకుతూ ఉంటుంది, జ్వరమొచ్చిన ఒంటిలాగా. కుచ్చులు కట్టే కొక్కేనితో మూడు కొట్టి, అరచెయ్యి పెట్టాను. వణుకు, వణుకు, వణుకు. చెయ్యి తీసేయబోతుంటే తగిలింది.

ఒకటి.

అవ్వ ఆ సమయానికి మిద్దెమీద ఉంది. వెంటనే పెరట్లోకి పోయి చూస్తే ఇంకా చెనిక్కాయలు ఎత్తుతూనే కనబడింది. నేను తిన్నాను. కుప్పమ్మ కడుపు నిండే ఉందంది అవ్వ. మరి ఎవరు తినలేదు?

తలుపు కింద కదలని ఆ పాదాల నీడ గుర్తొచ్చింది.

ఇంకా వాళ్ళమ్మ ఎత్తుతుందేమో అనే భయం పోలేదు. ఆ ఆదివారానికి ఏం కారణం చెప్పాలో ఎనిమిది నెలలుగా తయారుచేసుకున్న మాటలన్నీ ఇప్పుడు పనికిరానట్టున్నాయి. ఆ పొద్దు నిద్రపోలేదని, అవ్వలాగే నేనూ ఎలక అన్నానని చెప్పేస్తాను. దానికి ముందు మాత్రం ఒకటే అడుగుతాను, తిన్నావా అని. లేదంటే గూడూరు బస్సు ఎక్కుతాను. ఈ కాగితం ఇక్కడ పెట్టేసి, ఇప్పుడే కస్తూరికి ఫోన్ చేస్తాను.