వెన్నులో మచ్చ

కంకిపాడు రైతు ఆమోసు, భార్య దానమ్మ, బెజవాడ ఆసుపత్రిలో డాక్టర్ కీర్తన ముందు కూర్చున్నారు.

"అంటే కేన్సర్ వెన్నులోకి పాకినట్టేగా డాక్టరమ్మా? దాచకుండా చెప్పండి."

"కాదంటున్నాను ఆమోసుగారూ. బోన్ స్కాన్‌లో మచ్చ కనపడింది, అంతే. కేన్సరైనా మచ్చ పడుతుంది, ఎముక విరిగి అతుక్కుంటున్నా పడుతుంది. మీకు ప్రొస్టేట్ కేన్సర్‌కి ఆపరేషనైంది కాబట్టి అనుమానపడి ఎమ్మారై తీయించాం."

"అందులో?"

"విరిగిన గుర్తే ఉంది. కేన్సర్ లక్షణాలేం కనపళ్లేదు."

"ప్రభువా, నీకు స్తోత్రం. విన్నారా ఏవండీ?"

"విన్నాలే దానమ్మా."

"ఈమధ్య ఎప్పుడన్నా పడ్డారా?"

"లేదు."

"అదేంటండీ, పోయిన వేసవిలో కాలవ గట్టు మీంచి జారి తూము మీద పడలా? ఎన్నాళ్లో మంచం దిగలేదు డాక్టరుగారూ."

"జారలా."

"మరి?"

"ఏం లేదులే."

"ఏం లేదంటే? జారానని మీరే కదండీ..."

"అన్న తోశాడే. నీళ్ల వంతు నాదన్నానని తోశాడు. అన్న తోస్తే పడ్డానంటే ఊరంతా నవ్వుద్దని జారానన్నా."

"బావగారా? మాటామాటా అనుకున్నారనుకున్నా గానీ..."

"ఆయనే. డాక్టరమ్మా, అయితే ఈ మచ్చ మా అన్న పెట్టిందేనా?"

"ఆ దెబ్బకే అయ్యుంటుంది. కొన్నాళ్లాగి మళ్లీ ఒకసారి చూద్దాం. ఈలోపు సంతోషంగా ఇంటికెళ్లండి."

"ఏం సంతోషమండీ? చచ్చేవాడికి పగెందుకని మొన్న ఆదివారం చర్చిలో అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకున్నా. క్షమించానన్నా. తోసిన సంగతి మాత్రం ఆయన నోటెంట రాలా. ఊరికే ఏడ్చాడు. ఆయన్ని పట్టుకున్న ఈ చేత్తో అన్నం తినాలంటే నాకు ఒళ్లు మండిపోతోంది."

"పోనివ్వండి. పగున్నవాళ్లు ప్రభువు బల్ల ముట్టకూడదని, ఏడాదిగా ఆ రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకోకుండా వెనక బెంచీలో కూర్చున్నారు. మొన్నేగా మళ్లీ తీసుకుంది. నాకెంత సంతోషమైందో."

"ఊఁ."

"బావగారికి ఫోన్ చేసి చెప్తా. పాపం, మీ కోసం ఉపవాసముండి ప్రార్థన చేస్తున్నారు."

"చెయ్యి. నాకు కేన్సర్ లేదని చెప్పు. వచ్చే ఆదివారం నుంచి మళ్లీ వెనక బెంచీలోనే కూర్చుంటానని కూడా చెప్పు."