దూదిపుల్ల

ఆసుపత్రి మూడో అంతస్తు, చివరి గది. లోపల లేడీ డాక్టరు, ఎనిమిదేళ్ల పాప, పాప తల్లి. మూల కుళాయి చుక్కచుక్కగా కారుతూనే ఉంది, దాన్ని పట్టించుకునే నాథుడు లేడు.

"అయ్యో, ప్లాస్టిక్ కవర్లో వద్దమ్మా. చెమ్మ పట్టి బట్టలు పాడైపోతాయి. ఇదిగో, ఈ కాగితం సంచిలో వెయ్యండి. ఉతకలేదు కదా?"

"గౌను ఉతకలేదు డాక్టరుగారూ. కానీ పిల్లకి... స్నానం చేయించేశాను. నిన్న సాయంత్రం ఆ ట్యూషన్ మాస్టారింటి నుంచి వచ్చి ఒకటే ఏడుపు. వాడు చేసింది చెప్పగానే రుద్ది రుద్ది కడిగాను. నా బుద్ధి గడ్డి తింది."

"ఏ తల్లయినా అదే చేస్తుంది. ఒంటి మీద ఆనవాళ్లు ఇంకా ఏమైనా దొరకొచ్చు. పాపా, ఇటు చూడు. ఇది దూదిపుల్ల. ముందు చేతి మీద, అంతే. నువ్వు సరే అంటేనే. వద్దంటే ఆగిపోతాను."

"వద్దు."

"సరే. ఆగాను."

"అదేంటండీ! చిన్నపిల్ల, దానికేం తెలుసు? ఈ పరీక్ష ఇవాళే అయిపోవాలని పోలీసావిడ మరీ మరీ చెప్పింది."

"నిజమే, ఆలస్యమైతే ఏమీ మిగలదు. అయినా పాప ఒప్పుకోవాలి."

"దానికి అన్నిటికీ వద్దే. పాలు వద్దు, లెక్కలు వద్దు. కాస్త గట్టిగా పట్టుకుంటే అదే ఊరుకుంటుంది. నేను పట్టుకుంటా, మీరు కానివ్వండి."

"పట్టుకోకండమ్మా. వదలండి, ముందు చెయ్యి వదలండి. పాపా, నువ్వే నా చేతి మీద రాసి చూడు."

"చక్కిలిగిలి పెడుతోందా ఆంటీ?"

"కొంచెం. ఇప్పుడు నీ చేతికి రాయనా?"

"ఊఁ... వద్దు, వద్దు!"

"ఆగాను. చూడు, పుల్ల పక్కన పెట్టేశాను."

"మళ్లీ అడగండి."

"రాయనా?"

"వద్దు."

"ఆగాను."

"ఆటలాడుతోందండీ! అక్కడ వాడు ఏమీ ఎరగనట్టు పాఠాలు చెప్పుకుంటున్నాడు. ఊరంతా వాణ్ణి దేవుడంటుంది. ఈ కాస్త కూడా లేకపోతే మా మాట ఎవరు నమ్ముతారు? మీ కాళ్లు పట్టుకుంటాను డాక్టరుగారూ."

"లేవండమ్మా, లేవండి. ఇది దొరికినా కేసు నిలుస్తుందని నేను చెప్పలేను. పాప చెప్పింది చెప్పినట్టు రాస్తాను, దానికీ విలువుంది. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు."

"డాక్టరాంటీ..."

"చెప్పు తల్లీ."

"నేను మూడుసార్లు వద్దన్నాను. మూడుసార్లూ ఆగారు."

"ఆగాలి కదా మరి."

"అయితే ఇప్పుడు రాయండి. కానీ అమ్మని బయట కూర్చోమనండి."

"ఎందుకే బంగారం? అమ్మనే కదా! నేను పక్కనుంటే నీకు ధైర్యం."

"నిన్న కూడా మూడుసార్లు చెప్పాను, ట్యూషన్‌కి వద్దని. చెయ్యి గట్టిగా పట్టుకుని నువ్వే దింపేసి వచ్చావు."