సభయ్యాక గదిలోకి రమ్మన్నారు

సభకి అధ్యక్షత వహిస్తున్న పెద్ద డాక్టరుగారికి, స్టేజీ మీదున్న మిగతా డాక్టర్లకి, నర్సమ్మలకి, రక్తం తీసే తమ్ముడికి, నాతోపాటు ఆ చెక్కబెంచీని అరగదీసిన తోటి పేషెంట్లకి, టీ బిస్కెట్ల కోసమే వచ్చిన మా బామ్మర్దికి నమస్కారం. (నవ్వులు) కూర్చోరా, నిన్నేమీ అనను.

ఇన్నేళ్ళూ ఇలాంటి సభలకి మైకుసెట్లు పెట్టడమే గానీ మైకు ముందు నిలబడటం నాకిదే మొదలు. ఎవరైనా మరీ సాగదీస్తే వైరు పీకే చెయ్యిది, ఇప్పుడు దీన్నెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఇవాళ రిటైరవుతున్న మా రక్తం డాక్టరమ్మ గురించి నాలుగు మంచిమాటలు చెప్పమన్నారు, తయారయ్యే వచ్చాను, కానీ స్టేజీ ఎక్కబోతుంటే నర్సమ్మ నా చెవి దగ్గరికొచ్చి, "సభయ్యాక ఓసారి గదిలోకి రమ్మన్నారు" అంది. కొత్తవాళ్ళకి ఇందులో ఏముందో తెలీదు. మా డాక్టరమ్మకో పద్ధతుంది. రిపోర్టు బాగుంటే తనే బెంచీ దగ్గరికొచ్చి, అందరి ముందూ భుజం తట్టి చెప్పి వెళ్తారు. బాగాలేకపోతే లోపలికి పిలుస్తారు. మాత్ర మానేశాక నన్నెప్పుడూ లోపలికి పిలవలేదు. అమ్మా, మీరలా తల దించుకోకండి, ఫోటోలు తీసేవాడు ఇబ్బంది పడుతున్నాడు.

నాది ఏళ్ళతరబడి నడిచే రక్త క్యాన్సరు. రోజూ మాత్ర వేసుకుంటే చెప్పినమాట వింటుంది. మాత్ర నా ప్రాణం నిలబెట్టింది, కాదనను, కానీ కాళ్ళు కొంకర్లు పోయేవి. స్తంభమెక్కి లౌడుస్పీకరు కట్టేవాణ్ణి కాస్తా కింద నిలబడి "కొంచెం ఎడమకి, ఇంకొంచెం ఎడమకి" అని అరిచేవాణ్ణయిపోయాను. అరిచే ఉద్యోగం మా ఇంట్లో ఎప్పుడో భర్తీ అయిపోయింది, మా ఆవిడ దాన్ని వదలదు. (నవ్వులు)

రిపోర్టులు చాలాకాలం శుభ్రంగా వచ్చాక డాక్టరమ్మ నన్నూ, నాలాగే ఆ మాత్ర మీదున్న టైలరక్కనీ కూర్చోబెట్టి, మాత్ర ఆపి చూద్దామా అన్నారు.

"రోగం పూర్తిగా పోయిందా అండీ?" అన్నాను.

"పోయిందనలేను. కాస్తో కూస్తో ఎక్కడో నక్కి ఉంటుంది. నీ ఒంట్లో రక్షణ కణాలు దాన్ని కాపలా కాయగలిగితే చాలు."

"మరి ఇన్నాళ్ళూ అవేం చేస్తున్నట్టు?"

"రోగం ముదిరినప్పుడు అవీ డీలా పడతాయి. మాత్రతో అది అణిగాక కొందరిలో మళ్ళీ లేస్తాయి."

అంటే బావ కష్టాల్లో ఉన్నప్పుడు కనబడకుండా పోయి, అన్నీ చక్కబడ్డాక వచ్చి "ఇక నేను చూసుకుంటాలే బావా" అనే బాపతన్నమాట. ఆ రోజునుంచీ వాటికి బామ్మర్దులని పేరుపెట్టాను. (నవ్వులు) ఒరే, నువ్వూ నవ్వావు, నేను చూశాను.

ఇద్దరం మాత్ర ఆపేశాం. టైలరక్క ఒంట్లో బామ్మర్దులు కొన్నాళ్ళకే చేతులెత్తేశారు. ఆవిడ గదిలోకెళ్ళి బయటికొచ్చి, "మళ్ళీ మాత్రే తమ్ముడూ" అంది. మళ్ళీ వేసుకుంది, అది మళ్ళీ పనిచేసింది, అదిగో, రెండో వరసలో కూర్చుని డాక్టరమ్మ కోటు కుట్టులో వంకలు వెతుకుతోంది. తేరుకోనిది డాక్టరమ్మే. "ఎవరి కణాలు నిలబడతాయో ముందే తెలిసుంటే నిన్ను ఆశపెట్టేదాన్ని కాదు" అని అక్కతో అన్నారట. అప్పట్నుంచి మా అందరి రక్తంలోనూ ఆ కణాల్ని లెక్కపెట్టించడం మొదలుపెట్టారు. అవి బలంగా ఉన్నవాళ్ళకి రోగం తిరగబెట్టడం తక్కువని కనబడింది గానీ, ఫలానా మనిషికి ఫలానాలా అవుతుందని మాత్రం తేల్చలేకపోయారు. ఒకరోజు నా లెక్క చూసి "నీవి గట్టివయ్యా" అన్నారు. మామూలుగా చిరునవ్వైనా నవ్వని మనిషి ఆ రోజు నవ్వారు. చివరికి ఆవిడ రిటైరయ్యే రోజునే నా ఒంట్లో బామ్మర్దులు ఇలా పరువు తీశారు.

ఇక్కడ జోకు వేద్దామనుకున్నాను. రావడం లేదు.

బాధగానే ఉందమ్మా. మళ్ళీ కాళ్ళు లాగుతాయి, మళ్ళీ కింద నిలబడి అరవాలి. కానీ మొన్నామధ్య స్తంభం కొసన స్పీకరు కట్టడం అయిపోయాక కూడా కావాలనే దిగలేదు. వీధులూ మిద్దెలూ ఆరేసిన బట్టలూ అన్నీ చూస్తూ కూర్చున్నాను, కింద నిచ్చెన పట్టుకుని మా బామ్మర్ది తిడుతూనే ఉన్నాడు. నన్ను అంత పైకి ఎక్కించింది మీరు. రేపట్నుంచి ఇంట్లో కూర్చుని, వీణ్ణి కూడా ఆశపెట్టానే అని కుమిలిపోతారని నా దిగులు. ముందే తెలిసున్నా నేను ఎక్కేవాణ్ణి.

రేపు ఆ గదిలో కొత్త డాక్టరుగారుంటారు, మంచివారే, కానీ ఈ మాట మీ నోటే వింటాను. తొందరేం లేదు. ఫోటోలు దిగండి, టీ చల్లారకుండా తాగండి. నేను లోపల కూర్చునే ఉంటాను. రిపోర్టు గురించి చెప్పడం కష్టమైతే ఏమీ చెప్పకండి, మాత్ర పొద్దున వేసుకోవాలో రాత్రి వేసుకోవాలో ఒక్కటి చెప్పండి, చాలు.

ఓపిగ్గా విన్న అందరికీ, నన్ను ఇంతకాలం బెంచీ మీదే ఉంచిన మా డాక్టరమ్మకి దండం పెట్టుకుంటూ, సెలవు.