పెద్ద కంపెనీ పన్ను పీకిన సంగతి

మా చెల్లెలి టీ కొట్టులో రెండు బల్లలున్నాయి. ఒకదాని మీద దర్జీ, బస్సు డ్రైవరు కూర్చుంటారు. రెండోదాని మీద అడ్వయిజరు గారు ఒక్కరే. ఆయన చేతులు ఊపుతూ మాట్లాడతారు, పక్కన ఎవరు కూర్చున్నా వాళ్ళ టీ ఒలికిపోతుంది. ఆయనకి అడ్వయిజరని పేరు ఎవరు పెట్టారో నాకు తెలీదు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, అడిగినా అడక్కపోయినా ఒక సలహా. ఏం పని చేస్తారండీ అంటే "పన్ను పని" అంటారు. అంత పెద్ద మాట విన్నాక ఇంకేం అడుగుతాం?

ఆ రోజు మాత్రం మా చెల్లెలికి అడగక తప్పలేదు. దాని కోడలు ఒక బుల్లి కంపెనీలో పని చేస్తుంది. టైర్ల షాపు పైన రెండు గదులు, పదకొండు మంది మనుషులు. కళ్ళజోడు ఎక్కడ పెట్టి మర్చిపోయామో ఫోను చెప్పేలా చేశారు వాళ్ళు. నాది నా నెత్తి మీదే ఉందని అది ఇప్పటికి మూడుసార్లు చెప్పింది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ రెండు గదుల కంపెనీని, పేరు చెబితే లోకమంతా తెలిసిన పెద్ద కంపెనీ ఒకటి మూడు వేల కోట్లు పోసి కొనేసింది. కోడలికి అందులో చిటికెడు వాటా ఉంది. దానికి పంతొమ్మిది లక్షలు వస్తున్నాయి.

ఆ సంగతి ఎవరు మోశారో గానీ, కొట్టు గది ఓనరు మర్నాడే దిగాడు. "గది అమ్మేస్తున్నాను. పంతొమ్మిది లక్షలకి మీరు తీసుకుంటే సరే, లేదంటే ఖాళీ చెయ్యండి. రేపు సాయంత్రం ఆరింటికి వస్తాను, మాట చెప్పి అడ్వాన్సు చేతిలో పెట్టండి" అన్నాడు. నిజంగా కొలత తీసి కుట్టినట్టే అడిగాడని దర్జీ మెచ్చుకున్నాడు కూడా.

చెల్లెలి భయమల్లా ఒకటే. వచ్చే డబ్బు మీద పన్ను పడితే? మాట ఇచ్చేశాక చేతిలో తక్కువ పడితే అడ్వాన్సూ పోతుంది, గదీ పోతుంది, ఇరవై రెండేళ్ళ పొయ్యి ఆరిపోతుంది.

"అన్నయ్యగారూ, దీని మీద పన్ను పడుతుందంటారా?" అని టీ అందిస్తూ అడిగింది.

ఆయన గ్లాసు పక్కన పెట్టారు. చేతులకి చోటు చేసుకున్నారన్నమాట.

"పన్నా? చెల్లెమ్మా, పన్ను గురించి ఎవరినడుగుతున్నావో తెలుసా? నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను, అది మీ అందరికీ తెలుసు..."

దర్జీకి పొలమారింది.

"...మీ కోడలి కంపెనీని కొన్నాడే, ఆ పెద్ద కంపెనీ పెద్దాయన, ఆయన మొన్న మా దగ్గరికే వచ్చాడు. పన్ను బాధ. మూడు రోజులుగా మనిషికి తిండి లేదు, నిద్ర లేదు, అంత డబ్బుండి ఏం లాభం చెప్పండి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడు పాపం. నేను చేసింది ఏమీ లేదు, తలుపు తీసి, 'కూర్చోండి, కంగారు పడకండి, తీసేద్దాం' అన్నాను. అంతే. మాటసాయం."

"తీసేద్దామంటే? మొత్తమా?" అన్నాడు డ్రైవరు.

"సగం తీసి సగం వదిలేస్తే ఇంకా ప్రమాదం కదయ్యా! మూలంతో సహా లాగెయ్యాలి. సరే, ఆయన కూర్చుని వాళ్ళ ఆడిటరుతో ఫోనులో మొత్తుకుంటున్నాడు, 'మూడు వేల కోట్లు పోశాం, తీరా లోపల చూస్తే పదకొండు కుర్చీలు, పదకొండు కంప్యూటర్లు, ఒక టీ ఫ్లాస్కు, అన్నీ కలిపి పాతిక లక్షలు కూడా చెయ్యవు, మిగతాదంతా దేనికిచ్చామని రాయాలయ్యా' అంటున్నాడు. నేను పక్కనుండి ఊరుకుంటానా? 'అయ్యా, మంచిపేరుకి ఇచ్చామని రాయండి' అన్నాను."

"దేనికి?" అన్నాను నేను, సరిగ్గా వినలేదేమోనని.

"మంచిపేరుకి, అక్కగారూ. ఆ కంపెనీకున్న మంచిపేరు కొన్నామని రాసుకోవచ్చు. ఇక కుర్చీ అరిగినట్టే మంచిపేరు కూడా ఏటేటా ఇంత అరిగిందని రాసుకుంటూ పోవచ్చు, పదిహేనేళ్ళపాటు. అరిగినంతా లాభంలోంచి కొట్టేస్తారు. లాభం తగ్గితే పన్నూ తగ్గింది."

మంచిపేరు పోతుందని విన్నాను, చెడుతుందని విన్నాను. చెప్పుల్లాగా అరుగుతుందని ఆ రోజే విన్నాను.

"నా కత్తెర ముప్పై ఏళ్ళుగా అరుగుతోంది గురువుగారూ, నాకెవరూ దమ్మిడీ తగ్గించలేదు" అన్నాడు దర్జీ.

"అది కంటికి కనబడుతోంది కాబట్టి తగ్గించరయ్యా. కనబడనిదే బాగా అరుగుతుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెల్లెమ్మా, మీ కోడలి కంపెనీకి పాత నష్టాలున్నాయా లేవా?"

"ఎందుకు లేవండీ, పోయినేడు రెండు నెలలు జీతాలే లేవు."

"ఆ నష్టాలు కూడా కొనిపించాను! వాళ్ళ పాత నష్టం తెచ్చి వీళ్ళ కొత్త లాభంలోంచి కొట్టేస్తే పన్ను ఇంకాస్త దిగింది. ఆ రుచి మరిగి, నష్టాల్లో ఉన్న కంపెనీలు ఎక్కడున్నాయా అని వీధి వీధీ వెతుకుతున్నారు, లాభాలొస్తున్నాయని ఎవరైనా చెబితే మొహమ్మీదే తలుపేస్తున్నారు."

"మా ఆవిడ నన్ను రోజూ నష్టజాతకుడంటుంది. నన్ను కొంటారేమో కాస్త కనుక్కోండి" అన్నాడు డ్రైవరు.

"నీ సైజు చాలదయ్యా. కోట్లలో మునిగుండాలి. సరే, అక్కడితో ఆగానా? 'అయ్యా, ఆఫీసు నేల మీదుంటే పన్ను తప్పదు, ఒక దీవి చూడండి' అన్నాను. చూశారు. ఎలాంటి దీవి? పూటకోసారి సముద్రంలో మునిగిపోయేది! మునిగాక దేశం లేదు, దేశం లేకపోతే పన్నెవడడుగుతాడు? అక్కడ మనుషులు లేరు, ఒకే ఒక్క పీత ఉంది. దాన్నే డైరెక్టర్ని చేశాం. కాగితం మీద వదిలితే సిరా కాళ్ళతో అడ్డంగా నడిచింది, అచ్చం పెద్ద ఆఫీసర్ల సంతకంలాగే వచ్చింది, బ్యాంకువాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకున్నారు."

"పీతకి జీతమెంతండీ?"

"జీతమిస్తే దాని మీద పన్ను పడదూ? వాటాలిచ్చాం."

చెల్లెలు నవ్వింది గానీ దాని చూపు గోడ గడియారం మీదే ఉంది. ఐదున్నర. అప్పుడే కోడలు ఆఫీసు నుంచి వచ్చింది. భుజానికి సంచీ అలాగే ఉంచుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఆయన చేతులు ఊపుతుంటే లోపలికి వచ్చే దారి లేదు మరి.

"తగ్గి తగ్గి పన్ను సున్నాకొచ్చింది. వాలులో బండి, సున్నా దగ్గర ఆగమంటే ఆగుతుందా? దాటి కిందికి పోయింది! అంటే ఏమిటి? ఇప్పుడు ప్రభుత్వమే కంపెనీకి పన్ను కట్టాలి! ఖజానా ఊడ్చేశారు, సరిపోలేదు. మంత్రిగారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, 'బాబ్బాబు, ఏదో ఒకటి సర్దుబాటు చెయ్యండి' అని ఒకటే ఏడుపు. నాకు జాలేసింది. 'డబ్బు వద్దులెండి, సూర్యుణ్ణి రాసిచ్చెయ్యండి' అన్నాను. రాసిచ్చారు. ఈ ఏడు ఎండలు ఎందుకు మండిపోతున్నాయనుకుంటున్నారు? చేతులు మారాయి కదా, పెట్టుబడి రాబట్టుకుంటున్నారు."

"అమ్మయ్య," అన్నాడు దర్జీ, "నేను ఇన్నాళ్ళూ వేసవనుకున్నాను."

"అన్నయ్యగారూ, మా పంతొమ్మిది లక్షల సంగతి?" అంది చెల్లెలు.

"సూర్యుణ్ణి రాయించినవాణ్ణి, నీ పంతొమ్మిది ఒక లెక్కా? ఓనరు రాగానే పంతొమ్మిదికీ ఒప్పేసుకో, అడ్వాన్సు చేతిలో పెట్టు. నేనుండగా నీకు పన్నేమిటి!"

చెల్లెలి మొహం విచ్చుకుంది. గల్లా కింద దాచిన అడ్వాన్సు కవరు బయటికి తీసింది.

"అత్తయ్యా, ఆగండి," అంది కోడలు. "మా అకౌంటెంటు లెక్క కట్టి ఇచ్చాడు. పన్ను నాలుగు లక్షలు పడుతుంది. చేతికొచ్చేది పదిహేనే."

"అన్నయ్యగారు తీయిస్తానంటున్నారు కదే! మీ అకౌంటెంటుకి నిండా పాతికేళ్ళు లేవు. ఈయన అనుభవమెంత!"

అత్తగారి మాటకి ఎదురు చెప్పే పిల్ల కాదు. కాసేపు కవరు వంక చూసింది. తర్వాత అడ్వయిజరు గారి వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగింది. "బాబాయ్ గారూ, మీ అనుభవంలో ఇలాంటివి మొత్తం ఎన్ని తీయించుంటారు?"

అంత గౌరవంగా ఆయన్ని ఎవరూ అడిగుండరు. పొంగిపోయారు.

"లెక్కేముందమ్మా! తక్కువలో తక్కువ రోజుకి ఇరవై పళ్ళు..."

ఆగిపోయారు. ఊపుతున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఈ భాషలో ఉన్న తమాషా నాకు అప్పుడు తట్టింది. ఒకటైతే ప్రభుత్వం అడిగేదీ పన్నే, నోట్లో ఉండేదీ పన్నే. ఎక్కువైతేనే దారులు వేరు. ప్రభుత్వానివి పన్నులు, నోట్లోవి పళ్ళు.

"పళ్ళా?" అన్నాడు దర్జీ. "గురువుగారూ, మీరు పని చేసేది ఎక్కడ?"

"పళ్ళ డాక్టరు గారి దగ్గర," అన్నారాయన, గ్లాసులోకి చూస్తూ. "గుమ్మం దగ్గర నంబర్లు పిలుస్తాను. అయినా నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా? పన్ను పని అనే కదా చెప్పాను! ఆ పెద్దాయన రావడం నిజం. దవడ పన్ను. ఫోనులో ఆ మంచిపేరు గొడవ మాట్లాడటం కూడా నిజమే."

"పీతో?" అన్నాడు డ్రైవరు.

ఆయన జేబులో పెన్నులు సర్దుకున్నారు. చెల్లెలు మాత్రం నవ్వలేదు. కవరు తీసి మళ్ళీ గల్లా కింద పెట్టేసింది.

సరిగ్గా ఆరింటికి ఓనరు వచ్చాడు. "ఏమ్మా, పంతొమ్మిదే కదా?"

"పదిహేను," అంది చెల్లెలు.

"అదేమిటి? నిన్న పంతొమ్మిదంటే సరేనన్నట్టు తలూపావు కదా!"

"నిన్నటికి పన్ను లేదు బాబూ. ఇవాళ మొలిచింది."

ఓనరు నోరు వెళ్ళబెట్టాడు. అడ్వయిజరు గారు బల్ల మీంచి ఒక్క ఉదుటున లేచి ఆ నోట్లోకి తొంగి చూశారు.

"కుడివైపు, కింద, చివరిది. పుచ్చిపోయింది. ఎన్నాళ్ళుగా?"

ఓనరు చెంప పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు. "రెండు నెలలు. మీ డాక్టరు దగ్గరికి ఎప్పుడొచ్చినా నలభయ్యో నంబరిచ్చి కూర్చోబెడతారు."

"పదిహేనుకి ఒప్పుకోండి," అన్నారాయన. "రేపు తొమ్మిదింటికి మొదటి నంబరు మీదే. నేనే పిలుస్తాను."

ఓనరు చెల్లెల్ని చూశాడు, గదిని చూశాడు, చాలాసేపు చెంప రుద్దుకున్నాడు.

"నొప్పి ఉండదు కదా?"

"అబద్ధం చెప్పలేనండీ," అన్నారు అడ్వయిజరు గారు.