నిలబడి ఉన్న బస్సు వేగం నలభై రెండు

1988 జూన్ పదమూడో తేదీ, సోమవారం ఉదయం, మన బస్సు డిపో వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ సహాయకులుగా చేరిన ఇరవై మూడేళ్ల యువకులొకరు, హాజరు పుస్తకంలో సంతకం చేసే ముందు గోడ గడియారాన్ని తన చేతి గడియారంతో సరిచూసుకున్నారు. గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనకబడిందని విన్నవించారు. చేరిన రోజే వంక పెట్టినందుకు అప్పటి ఫోర్‌మన్ ఆరు నెలలు బ్యాటరీలు కడిగించారు. గడియారాన్ని మాత్రం ఎవరూ సరిచేయలేదు.

1994లో ఎలక్ట్రీషియన్‌గా, 2003లో హెడ్ ఎలక్ట్రీషియన్‌గా పదోన్నతి పొందిన ఆ మాన్యులను మనమందరం మీటరుగారని పిలుస్తాం. చెప్పిన మాట వినరు, కంటితో చూసిన తీగనైనా నమ్మరు; మీటరు ముల్లు కదిలితేనే ఒప్పుకుంటారు, ఆ ముల్లునూ మరో మీటరు పెట్టి పరీక్షిస్తారు. "పాలు విరిగాయండీ అని చెబితే, గిన్నెలోకి తొంగి చూసొచ్చి అవునంటారు" అని వారి సహధర్మచారిణి చెప్పగా విన్నాం.

అంతటి అనుమానికీ ఒక గర్వం ఉండేది. బస్సులోని తీగలన్నింటినీ ఒకే కట్టగా, జడ అల్లినంత పొందికగా బిగించడం ఆయన పద్ధతి. "తీగ వేలాడిందంటే మేస్త్రికి చేతకాలేదని అర్థం" అనేవారు. ఈ వర్క్‌షాపులో చేయి తిరిగినవారంతా నేర్చుకున్నది ఆ జడే.

నాలుగేళ్ల క్రితం బస్సులకు వేగం నమోదు చేసే పెట్టెలు వచ్చాయి. గేర్‌బాక్సు పక్కన బిగించిన సెన్సరు, పళ్ల చక్రం తిరిగేకొద్దీ తీగలోకి చిన్న చిన్న విద్యుత్ అలలు పంపుతుంది. పెట్టెలోని మైక్రోకంట్రోలరు వాటిని లెక్కపెట్టి వేగం రాసుకుంటుంది. సెన్సరు నుంచి పెట్టె దాకా తీగ లాగే పని మీటరుగారికి అప్పగించారు. ముప్పై ఏడు బస్సులకూ ఆయనే లాగారు.

మూడో నెలలో ఒక డ్రైవరు బడి మలుపు దగ్గర తొంభై ఆరు కిలోమీటర్ల వేగంతో నడిపినట్టు పెట్టె రాసింది. ఒకసారి కాదు, ఐదుసార్లు. ఆయనను సస్పెండ్ చేశారు. విచారణలో రుజువైతే ఉద్యోగమే పోతుంది. ఆ డ్రైవరు మీటరుగారి వియ్యంకులు. మీటరుగారు అందరికంటే ముందు అనుమానించింది ఆయననే.

"నిజం చెప్పండి బావగారూ, కాలు తొందరపడిందా?"

"ఆ బస్సు కొండ దిగుతున్నా డెబ్భై దాటదండీ! మీ అనుమానం వియ్యాలవారి గడప కూడా తొక్కిందన్నమాట. పెట్టండి, నా కాలికి కూడా మీటరు పెట్టి చూడండి!"

"కోపం తరవాత. మలుపు దగ్గర మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాను, బ్రేకేస్తాను. పిల్లలుంటారు కదా, మలుపు తిరిగేదాకా హారన్ కొడుతూనే ఉంటాను."

ఆ మాట విని మీటరుగారు నేరుగా ఆఫీసుకు వెళ్లారు. పెట్టెను పరీక్షించాలని అర్జీ పెట్టారు. "వియ్యంకుడి కోసం యంత్రం మీద నింద వేస్తున్నాడు" అని భోజనాల గదిలో గుసగుసలు బయలుదేరాయి. పదకొండు రోజులు ఆయన బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నవారు లేరు. వారిలో కొందరు ఈ వీడ్కోలు సంచికలో ఆయనను ప్రశంసించారు. చదవండి, అవీ బాగానే ఉన్నాయి.

పన్నెండో రోజు విచారణాధికారి, పెట్టె కంపెనీ ఇంజినీరు, సగం వర్క్‌షాపు ఆ బస్సు దగ్గర చేరారు.

"పెట్టెలో తప్పుండదు సార్. వచ్చినదాన్ని లెక్కపెట్టడమే దాని పని" అన్నాడు ఇంజినీరు.

"లెక్క మీద కాదు బాబూ, వచ్చినదాని మీదే నా అనుమానం" అన్నారు మీటరుగారు.

ఇంజను ఆపి, చక్రాల కింద దిమ్మలు పెట్టి, తాళం మాత్రం తిప్పారు. పెట్టె సున్నా చూపించింది. హారన్ నొక్కారు. నలభై రెండు చూపించింది. మళ్లీ నొక్కారు. మళ్లీ నలభై రెండే.

"కదలని బండికి నలభై రెండా!" అన్నారు విచారణాధికారి.

"ఈ లెక్కన మన డిపో గేటు మీద కూడా కేసు పెట్టొచ్చు సార్" అన్నాడొక మెకానిక్. అందరూ నవ్వారు. పెట్టెలో లోపమని రాయడానికి అధికారి కలం తీశారు. అక్కడితో ఆగి ఉంటే డ్రైవరు బయటపడేవారు, మీటరుగారికి జేజేలు దక్కేవి, ఖాళీగా ఉన్న ఫోర్‌మన్ కుర్చీ కూడా వచ్చేది. జాబితాలో మొదటి పేరు ఆయనదే.

"ఒక్క నిమిషం ఆగండి" అని ఆయన బస్సు కిందికి దూరారు.

సెన్సరు తీగ, హారన్ తీగ రెండు మీటర్ల పొడవునా ఒకే జడలో ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. హారన్ మోగినప్పుడల్లా దాని తీగలోని కుదుపులు పక్క తీగలోకి ఎక్కుతున్నాయి. పెట్టె వాటినీ చక్రం పంపిన అలలుగానే లెక్కపెట్టి, బండి అసలు వేగానికి కలుపుతోంది. సెన్సరు తీగను హారన్ తీగకు జానెడు ఎడంగా లాగాలని, పక్క తీగల కుదుపులు సోకకుండా దానిపైనున్న లోహపు అల్లికను తీయరాదని కంపెనీ ఇచ్చిన తీగల బొమ్మలో ఉంది. జడ లావెక్కుతోందని ఆ అల్లికను కోసేసింది మీటరుగారే. ముడి కూడా ఆయనదే.

ఆయన జడ విప్పారు. అల్లిక ఉన్న కొత్త తీగను వేరే దారిలో లాగి, అల్లికను పెట్టె వైపు మాత్రమే బాడీకి కలిపారు. హారన్ కొట్టించారు. సున్నా. అప్పుడు కాగితం అడిగి తీసుకుని, నిలబడే రాశారు: "డ్రైవరు తప్పు లేదు. పెట్టె తప్పు లేదు. బొమ్మ చూసి కూడా తీగను నా ఇష్టానికి కట్టింది నేను."

డ్రైవరు విధుల్లో చేరారు. కుర్చీ వేరొకరికి వెళ్లింది.

"పెట్టె మీదకు నెట్టేస్తే కుర్చీ మీదయ్యేది కదా బావగారూ" అని వియ్యంకులు బాధపడ్డారు.

"అయ్యేది. మిగతా ముప్పై ఆరు బస్సుల్లో రేపు ఇంకొకాయన హారన్ కొడితే, ఆయనకు వియ్యంకుడెవరు?"

ఆ ముప్పై ఆరింటి జడలనూ ఆయన తన సెలవు రోజుల్లో విప్పారు. ఆ తరవాత మన డిపోలో పెట్టె మాట మీద ఏ డ్రైవరుకూ అన్యాయంగా శిక్ష పడలేదు. వారి వియ్యంకులు నిరుడు ఏ మచ్చా లేకుండా పదవీ విరమణ చేశారు.

ఈ నెలాఖరున మీటరుగారు హెడ్ ఎలక్ట్రీషియన్‌గానే విరమిస్తున్నారు. అది వారికి చిన్నతనం కాదు; ఎవరికి చిన్నతనమో ఈ డిపోకు తెలుసు. వారి చూపు మందగించకుండా, చేయి వణకకుండా, దంపతులిద్దరూ ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుతున్నాం. ఇద్దరూ కలిసి ఉండే రోజులు ఎన్నో ముందుగా ఎవరికీ తెలియదు. కాబట్టి మీటరుగారూ, మొదటి తేదీ ఉదయం అలవాటుగా ఇటు రాకండి. ఆవిడ పక్కన కూర్చోండి.